పొదుగు పెట్ట – పరాయి పిల్లలు: హైదరాబాదు పాతబస్తీ పెరటి కోళ్ల నుండి కొన్ని పరిశీలనలు

చలికాలపు ఉదయాలలో శాలిబండ, హుసేనీ ఆలం ప్రాంతాల సందులలోకి సైకిలు వెనుక అట్టపెట్టె కట్టుకొని కోడిపిల్లలు అమ్మేవారు వస్తుంటారు. పెట్టెలో గులాబి, ఆకుపచ్చ, నారింజ రంగులద్దిన పిల్లలు కిచకిచలాడుతూ ఉంటాయి. బడికి బయలుదేరిన పిల్లవాడు కాలు నేలకేసి కొట్టి మారాం చేస్తాడు. తండ్రి జేబులోని చిల్లర తీసి రెండు మూడు కొనిస్తాడు. అవి చాలావరకు ఆ వారాంతం చూడవు.

ఈ పిల్లలు ఎక్కడి నుండి వస్తాయో పాఠకులకు తెలిసినదే. గుడ్ల కోసం పెంచే లేయర్ జాతులలో మగపిల్లలు గుడ్డు పెట్టవు, మాంసానికి త్వరగా ఎదగవు. హేచరీకి అవి భారమే. కనుక పుట్టిన రోజుననే చౌకగా బయటికి పోతాయి, రంగు పూసుకొని వీధికెక్కుతాయి. రంగు వలననే అవి చనిపోతున్నాయని కొన్నవారు అనుకుంటారు. అసలు కారణం చాలా సందర్భాలలో చలి. పుట్టిన పిల్లకు తన శరీరోష్ణోగ్రతను తానే నిలుపుకొనే శక్తి మొదటి రెండు మూడు వారాలలో క్రమక్రమంగా వస్తుంది. అందుకే బ్రూడరులో మొదటి వారం సుమారు 95 డిగ్రీల ఫారెన్‌హీట్, అనగా 35 డిగ్రీల సెంటీగ్రేడ్ వేడి ఉంచి, తరువాత వారానికి 5 ఫారెన్‌హీట్ డిగ్రీల చొప్పున తగ్గిస్తాము. డిసెంబరు, జనవరి రాత్రులలో హైదరాబాదులో ఉష్ణోగ్రత 15 సెంటీగ్రేడ్ డిగ్రీలకు, ఒక్కోసారి అంతకంటె కిందికి దిగుతుంది. అట్టపెట్టెలో పాత గుడ్డ పరచి, పైన గంప బోర్లించినంత మాత్రాన 20 డిగ్రీల తేడా పూడదు. బల్బు వేలాడదీసిన ఇళ్లలో కరెంటు పోతుంది. కరెంటు పోకున్నా, నిద్రకు అడ్డమని అర్ధరాత్రి ఎవరో ఒకరు దానిని ఆర్పివేస్తారు.

అదే సందులో నాలుగిళ్ల అవతల, దేవిడీ వెనుక ఆంగన్‌లోనో, మెట్ల కింది చీకటి మూలనో ఒక నాటు పెట్ట ఉత్త గూటిలో కూర్చొని ఉంటుంది. గుడ్లు ఎప్పుడో ఇంటివారు తీసివేశారు. అయినా అది లేవదు. చేయి దగ్గరకు పోతే ఈకలు నిక్కబొడిచి గుర్రుమంటుంది. మన ఇళ్లలో పొదుగు పెట్ట అంటాము. పాతబస్తీ ఉర్దూ ఇళ్లలో దానిని కుడక్ ముర్గీ అంటారు. ఇంటివారికి అది విసుగు: గుడ్లు మానేసింది, తిండి మానేసింది, గూడు వదలదు. నీటిలో ముంచి, కాలికి గుడ్డ కట్టి, బుట్ట కింద మూసి దాని పొదుగు విరగగొట్టాలని చూస్తారు. ఆ పెట్ట శరీరోష్ణోగ్రత సుమారు 41 సెంటీగ్రేడ్ డిగ్రీలు. కరెంటు అక్కరలేదు, రాత్రి ఎవరూ ఆర్పలేరు. ఒక ఇంట వేడి లేక పిల్లలు చస్తూ ఉండగా, పక్కింట పిల్లలు లేక ఆ వేడి వృథాగా పోతున్నది.

ఈ రెండింటినీ కలపడం పైకి చూడ సులభమే. కాని వేళ తప్పితే పెట్టే పిల్లలను చంపుతుంది. అది నేను నా చేతులతో చేసి నేర్చుకున్న విషయం.

ఉద్యోగంలో చేరిన తొలి రోజులలో, పరిచయమున్న ఒక ఇంట నాటు పెట్ట పొదుగుకు కూర్చున్నదని విని, వారి పిల్లలు వారం కిందట కొన్న ఐదు కోడిపిల్లలను దాని ముందు వదిలాను. మిట్టమధ్యాహ్నం. పెట్ట కూర్చుని మూడు దినాలే అయినదన్న సంగతి అడగనే లేదు. పెట్ట ఒక్కసారి లేచి నిలబడింది, మెడ ఈకలు విప్పింది, ముందున్న పిల్ల తలపై ముక్కుతో కొట్టింది. నేను చేయి చాపే లోపల రెండవదానిని కూడా కొట్టింది. ఆ రెండూ ఆ సాయంత్రానికి చనిపోయాయి. మిగిలిన మూడు పెట్టను చూసి గది మూలకు పరుగెత్తాయి. తల్లి అన్నది వాటికి అప్పటికే తెలియని వస్తువు. ఆ ఇంటి పెద్దావిడ నన్ను కోపగించలేదు. వెనుక నుండి ఒక్క మాట అన్నది: "రాత్ కో రఖ్నా డాక్టర్ సాబ్, దిన్ కో నక్కో." రాత్రి పెట్టాలి, పగలు వద్దు. నేను చదివిన కోళ్ల పెంపకం పాఠాలలో ఆ వాక్యం లేదు.

పెట్ట దేనిని గుర్తుపడుతుంది

పొదుగు అన్నది పెట్ట మనసులో పుట్టిన కోరిక కాదు, శరీరస్థితి. గూటిలో గుడ్ల స్పర్శ, పగటి నిడివి, వెచ్చదనం కలిసినపుడు మెదడులోని హైపోథాలమస్ నుండి వేసోయాక్టివ్ ఇంటెస్టినల్ పెప్టైడ్ విడుదలై, పీయూష గ్రంథిని ప్రేరేపించి ప్రోలాక్టిన్‌ను పెంచుతుంది. ప్రోలాక్టిన్ పెరిగితే అండాశయం కుంచించుకుపోతుంది, గుడ్లు ఆగుతాయి. ఛాతీ, పొట్ట కింది ఈకలు పలచబడి, రక్తనాళాలు నిండిన వెచ్చని చర్మం గుడ్లకు నేరుగా తాకుతుంది. ఇది విద్యార్థులకు తెలిసిన భాగం.

అంతగా చెప్పబడని భాగం ఇంకొకటి ఉన్నది. పొదిగే స్థితి వేరు, పిల్లలను సాకే స్థితి వేరు. మొదటిదానిలో పెట్ట కదలదు, పలకదు, గుడ్లను అంటిపెట్టుకొని ఉంటుంది. రెండవదానిలో అది పిల్లలను పిలుస్తుంది, మేత చూపుతుంది, రెక్కల కిందికి తీసుకుంటుంది, పిల్లిపైకి కూడా దూకుతుంది. మొదటి స్థితి నుండి రెండవదానికి దాటించేవి పిల్లలే. పొట్ట కింద వాటి కదలిక, వాటి కిచకిచ పెట్టకు అందగానే ప్రోలాక్టిన్ వేగంగా పడిపోతుంది. పొదుగుతున్న పెట్టకు 21 దినాలు నిండకముందే పిల్లలనిచ్చినా ఈ మార్పు జరుగుతుందని ప్రయోగాలు చూపాయి. అంటే పెట్ట లెక్కపెట్టేది రోజులను కాదు, తన గుడ్లను కూడా కాదు. పొట్ట కింద ఉన్నది ఏమిటన్నదే దానికి ముఖ్యం. అయితే ఆ మార్పుకు శరీరం సిద్ధమై ఉండాలి. మూడు దినాల పెట్టలో ఆ సిద్ధత బలహీనం. రెండు వారాలు దాటినదానిలో నమ్మదగినది. 18 నుండి 21వ దినం మధ్య అత్యుత్తమం.

చూపు కంటె వినికిడి, స్పర్శ ఇక్కడ ప్రధానమని గుర్తుంచుకొంటే మిగిలిన పద్ధతి అంతా దానంతట అదే అర్థమవుతుంది. 1930లలో యూరపులో జరిగిన ఒక ప్రసిద్ధ పరిశీలన ఉన్నది. కాలికి దారం కట్టిన పిల్లను తెర వెనుక ఉంచితే, తల్లికోడి దానిని చూడకున్నా అరుపు విని అటు పరుగెత్తింది. అదే పిల్లను కంటి ఎదుట గాజు మూత కింద ఉంచితే, అది గింజుకుంటున్నా అరుపు వినబడనందున తల్లి పట్టించుకోలేదు. 1960లో ష్లైట్ దంపతులు మరొకరితో కలిసి చేసిన ప్రయోగంలో వినికిడి పోగొట్టిన టర్కీ పెట్టలు తమ సొంత పిల్లలనే పొడిచి చంపాయి. గూటి దగ్గర కదిలే ప్రతి చిన్న వస్తువూ పొదుగు పెట్టకు శత్రువే. కిచకిచ ఒక్కటే దాని ముక్కును ఆపుతుంది.

పగటి వేళ ముందు నుండి నడచివచ్చే పరాయి పిల్ల పెట్ట కంటికి ముందు కదలికగా పడుతుంది. రాత్రి చీకటిలో, వెనుక నుండి, పొట్ట కిందికి చేరిన పిల్ల మొదట స్పర్శగా, తరువాత స్వరంగా అందుతుంది. చీకటిలో కోడి దాదాపు చూడలేదు, చూడలేని కోడి కదలదు, పోట్లాడదు. తెల్లవారేసరికి ఐదారు గంటల స్పర్శ, స్వరం తమ పని చేసి ఉంటాయి. ఆ పెద్దావిడ చెప్పిన వాక్యానికి శాస్త్రం ఇదే. పొదగని పెట్టలో కూడా పిల్లలతో కలిపి కొన్ని దినాలు మూసి ఉంచితే మాతృ ప్రవర్తన మేల్కొంటుందని తెలుసు. ఫ్రాన్సులో రియోమూర్ 1749లో కోళ్ల పొదుగుపై వెలువరించిన గ్రంథంలో, వృషణాలు తీసిన పుంజులకు పిల్లలను సాకడం నేర్పించే సంగతి కూడా వివరించాడు. కుతూహలానికి ఇవి బాగున్నవి. పన్నెండు పిల్లలు బతకాలని కోరే ఇల్లాలికి మాత్రం సిఫారసు చేయదగినవి కావు.

పిల్లకూ ఒక గడువు ఉన్నది

పెట్ట ఒప్పుకుంటే చాలదు, పిల్ల కూడా ఒప్పుకోవాలి. స్పాల్డింగ్ 1873లో, లోరెంజ్ 1935లో వివరించిన అనుముద్రణం ఇక్కడ పనిచేస్తుంది. పుట్టిన మొదటి ఒకటిన్నర, రెండు దినాలలో పిల్ల తాను చూసిన, విన్న, తాకిన వెచ్చని పెద్ద కదిలే వస్తువును తల్లిగా స్థిరపరచుకుంటుంది. ఆ తరువాత కొత్త పెద్ద వస్తువులంటే భయం మొదలవుతుంది. స్పాల్డింగ్ కళ్లకు గంత కట్టి ఉంచి, నాలుగో దినాన విప్పిన పిల్లలు ఆయనను చూసి దూరంగా పారిపోయాయి. నేను వారం వయసు పిల్లలను వదిలినపుడు మూలకు పరుగెత్తిన మూడింటి కథ కూడా అదే.

అదృష్టవశాత్తు ప్రకృతి ఒక వెసులుబాటు ఇచ్చింది. పుట్టిన పిల్ల కడుపులో మిగిలిన పచ్చసొన దానిని మూడు దినాల వరకు నిలబెట్టగలదు. హేచరీలు పిల్లలను పెట్టెలలో దూర ప్రాంతాలకు పంపగలిగేది దీని బలం మీదనే. కాబట్టి ఉదయం హేచరీ నుండి తెచ్చిన పిల్ల ఆ రాత్రికే పెట్ట కిందికి చేరితే గడువు లోపలే ఉంటుంది. రెండవ రాత్రి కూడా పరవాలేదు. నాలుగో రాత్రి మాత్రం అదృష్టాన్ని నమ్ముకోవడమే. వీధిలో కొన్న రంగు పిల్లల చిక్కు ఇక్కడే: అవి ఎన్ని దినాలవో అమ్మేవాడు చెప్పడు. రెక్క చివర ఈకల మొనలు పొడుచుకొని స్పష్టంగా పొడవైనట్లు కనబడితే, మనిషిని చూసి పారిపోతుంటే, ఆలస్యమైనదని భావించాలి. అటువంటి వాటికి బల్బే మేలు.

ఏ పెట్ట

లాడ్ బజార్ చివరనున్న మహబూబ్ చౌక్‌ను పాతబస్తీలో ముర్గీ చౌక్ అనే పిలుస్తారు. 1892 నాటి గడియార స్తంభం నీడలో నాటుకోళ్లు, అసీలు, పావురాలు, బాతులు అమ్మిన చోటు అది. పొదుగు పెట్ట కావాలంటే అక్కడ దొరుకుతుందనే నమ్మకం చాలామందికి ఉన్నది. ఇది రెండు విధాలుగా తప్పు. గూడు మారిన పెట్ట తరచు పొదుగు విడుస్తుంది. బుట్టలో వేసుకొని ఆటోలో ఇంటికి తెచ్చేసరికి కొన్నది మామూలు కోడిగా మిగులుతుంది. రెండవది, పది ఊళ్ల పక్షులు కలిసే సంతలో నిలిచిన కోడి కొక్కెర తెగులును లోపల మోసుకొని రావచ్చు. ఈ తెగులు లక్షణాలు బయటపడటానికి సాధారణంగా ఐదారు దినాలు, ఒక్కోసారి రెండు వారాలు పడుతుంది. కొత్త కోడిని రెండు మూడు వారాలు వేరుగా ఉంచమని మనమే చెబుతాము. ఆ లోపల పొదుగు ముగిసిపోతుంది. ఇంట్లో ఉన్న పెట్ట, అది కూర్చున్న గూటిలోనే: ఇంతకు మించిన ఎంపిక లేదు.

జాతి విషయంలో పాతబస్తీవారికి, ముఖ్యంగా బార్కస్ వైపు వారికి అసీలుపై మోజు ఎక్కువ. అసీలు పెట్ట గుడ్లు తక్కువ పెడుతుంది గాని పొదుగులో, పిల్లల రక్షణలో పేరుపడినది. గద్దను ఎదిరించిన అసీలు తల్లులను చూశాను. అయినా పరాయి పిల్లలకు దానిని మొదటి ఎంపికగా చెప్పను. బరువు ఎక్కువ, కాళ్లు మొద్దు, తొందరపడి తిరిగితే చిన్న పిల్ల కాలి కింద నలుగుతుంది. కలహ స్వభావం పక్క పెట్టల పిల్లలపైకి కూడా మళ్లుతుంది. రెండవసారో మూడవసారో పొదుగుకు వచ్చిన మధ్యస్థ పరిమాణపు సాధారణ నాటు పెట్ట, చేయి పెడితే గుర్రుమన్నా గూడు దిగనిది, ఈ పనికి తగినది. వైట్ లెగార్న్‌లో పొదుగు లక్షణం ఎంపిక వలన దాదాపు తొలగిపోయింది, దాని నుండి ఆశించరాదు.

గుడ్లు తీసివేసిన పెట్టను పిల్లలు వచ్చే వరకు కూర్చోబెట్టి ఉంచాలి కదా. దీనికి నాలుగైదు పాత గుడ్లు, లేదా సున్నపు రాతితో, చెక్కతో చేసిన బొమ్మ గుడ్లు చాలు. పాత గుడ్లు వేసవిలో మురిగి పగులుతాయి, కనుక బొమ్మలే మేలు. పెట్ట కూర్చున్న తేదీని గోడపై బొగ్గుతో గీసుకొని, అక్కడి నుండి మూడవ వారంలో పిల్లలు అందేట్లు హేచరీకి ముందే చెప్పుకోవాలి. పెట్ట రోజుకొకసారి లేచి తిని, నీరు తాగి, రెట్ట వేసి వస్తున్నదో లేదో చూడాలి. లేవకపోతే చేతితో దింపాలి. మూడు వారాలు దాటి ఐదు వారాల వరకు ఉత్తగా కూర్చోబెట్టడం మాత్రం క్రూరత్వమే, పెట్ట చిక్కి శల్యమవుతుంది.

పిల్లలు రావడానికి వారం ముందే పెట్టను పేలు, పిడుదుల కోసం ఈకలు విప్పి చూడాలి. కదలక కూర్చున్న పెట్టపై ఇవి విపరీతంగా పెరుగుతాయి, మొదటి రాత్రే పిల్లల మీదికి దిగుతాయి. బూడిద కలిపిన పొడి మన్నులో పొర్లనివ్వడం పాతబస్తీ ఇళ్లలో ఇప్పటికీ ఉన్న అలవాటు, మంచిదే. తీవ్రంగా ఉంటే పశువైద్యుని సలహాతో మందు వాడి, గూటిలోని గడ్డిని కాల్చివేసి, కొత్త వరి పొట్టు పరచాలి.

ఆ రాత్రి

సాయంత్రం పిల్లల పెట్టెను పెట్టకు కనబడని చోట, వినబడే దూరంలో ఉంచాలి. పిల్లలకు గోరువెచ్చని నీరు ముక్కు ముంచి తాగించి, వెచ్చగా ఉంచాలి. చలికి గొంతెత్తి అరుస్తున్న పిల్లను పెట్ట కింద పెట్టరాదు. ముందు దానిని శాంతపరచాలి. ఇంట్లో అందరూ పడుకొని, సందులో రొద తగ్గిన తరువాత, సుమారు పది గంటల వేళ పని మొదలుపెట్టవచ్చు. పాతబస్తీలో ఆ రొద తగ్గేది ఎప్పుడన్నది వేరే ప్రశ్న. రంజాన్ మాసంలో ఈ పని తలపెట్టవద్దని ఆ పెద్దావిడే నవ్వుతూ చెప్పింది.

టార్చి పెట్ట ముఖంపై పడరాదు. వెనుక వైపు నుండి అరచేతిలో పిల్లను దాచి, పొట్ట కిందికి చేయి జార్చి, పిల్లను వదిలి, ఒక గుడ్డును తీసుకొని చేయి వెనుకకు తేవాలి. రెండు పిల్లలతో ఆగాలి. అరగంట దూరం నుండి వినాలి. లోగొంతుతో గుర్రుమనడం సహజమే. టక్కున ముక్కు దెబ్బ, వెంటనే పిల్ల కీచుమన్న అరుపు వినబడితే రెండింటినీ తీసివేయాలి. నిశ్శబ్దమైతే, లేదా పెట్ట ఆగి ఆగి 'కొక్, కొక్' మని తగ్గుస్వరంతో పలికితే మిగిలిన వాటిని ఒక్కొక్కటిగా చేర్చాలి. ఆ పలుకు మొదటిసారి విన్న విద్యార్థి దానిని మరువడు.

ఎన్ని? పుస్తకంలో పన్నెండు, పదిహేను అని ఉండవచ్చు. చలికాలంలో మధ్యస్థ పెట్టకు ఎనిమిది, మహా అయితే పది. రెక్క అంచున మిగిలిన పిల్ల తెల్లవారేసరికి బిగుసుకుపోయి ఉంటుంది. ఎండాకాలంలో రెండు మూడు అదనంగా ఇవ్వవచ్చు.

తెల్లవారుజామున మిగిలిన గుడ్లన్నీ తీసివేసి, వెలుగు వచ్చే వేళకు మనిషి అక్కడ ఉండాలి. పెట్ట మొదటిసారి పిల్లలను కళ్లతో చూసే క్షణం అదే. ఒళ్లు దించి, రెక్కలు కొద్దిగా విప్పి, మేతను ముక్కుతో ఎత్తి కింద వేసి పిలిస్తే పని అయినట్లే. ఒంటిని పైకెత్తి, మెడ ఈకలు విప్పి, తలలపై గురిపెడితే వెంటనే పిల్లలను బయటికి తీయాలి. మరుసటి రాత్రి రెండింటితో మరొకసారి ప్రయత్నించవచ్చు. ఆ రాత్రి కూడా కాదంటే ఆ పెట్టను వదిలి, పిల్లలను బల్బు కిందికి మార్చాలి. మూడవ రాత్రి పట్టుదలకు పోయిన ఇళ్లలో నేను చూసినవి చచ్చిన పిల్లలే.

రెండు దినాలు తల్లిని పిల్లలను గాలి ఆడే గంప కింద కలిపి ఉంచాలి. వెడల్పైన, లోతు లేని మట్టి మూకుడులో గులకరాళ్లు వేసి నీరు పోయాలి. మేత చిక్ స్టార్టరు అయితే మంచిది, లేదా మొదటి రోజులకు నూకలు, జొన్న రవ్వ. పెట్ట కోసం లేయర్ దాణా పెట్టరాదు, దానిలోని కాల్షియం పిల్లల మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. పెట్ట స్టార్టరు తింటే నష్టం లేదు. ఏది తినదగినదో పిల్లలకు నేర్పడం పెట్ట పని. 1996లో నికోల్, పోప్ ప్రచురించిన పరిశీలనలో, పిల్లలు తప్పు మేతను తింటున్నట్లు కనబడినపుడు తల్లికోళ్లు సరైన మేత వైపు మరింత గట్టిగా కొక్కరించి, పొడిచి చూపాయి. ఏ బ్రూడరూ ఈ పని చేయదు.

పెట్టకు అప్పటికే సొంత పిల్లలు ఉంటే వ్యవహారం సున్నితం. అవి పుట్టిన మొదటి రెండు రాత్రులలో, అదే వయసు, వీలైతే అదే రంగు పిల్లలను చేర్చవచ్చు. మూడు నాలుగు దినాలు గడిస్తే తన పిల్లలు ఏవో పెట్టకు తెలిసిపోతుంది. గోధుమరంగు పిల్లల నడుమ ఒక్క గులాబి పిల్ల ఆ గుంపులో బతకడం కష్టం. అన్నీ పరాయివే అయినపుడు రంగు అంత అడ్డు కాదు, పోల్చడానికి దానికి వేరే పిల్లలు లేవు కదా.

రోగాల లెక్క

వయసు భేదమున్న పక్షులను కలపరాదన్నది కోళ్ల పరిశ్రమ మొదటి సూత్రం. ఈ వ్యాసం దానికి విరుద్ధంగా కనబడుతుంది, కనుక దాటవేయకుండా చెప్పాలి. పైకి ఆరోగ్యంగా ఉన్న పెట్ట మారెక్స్ వైరస్‌ను ఈకల పొట్టు ద్వారా, కాక్సిడియాను రెట్ట ద్వారా, మైకోప్లాస్మాను శ్వాస ద్వారా పిల్లలకు అంటించగలదు. హేచరీలో మొదటి రోజే మారెక్స్ టీకా వేసినా, రక్షణ ఏర్పడటానికి వారం దాటుతుంది. మనం ఆ రాత్రే పిల్లను పెట్ట కిందికి తోస్తున్నాము. వాణిజ్య ఫారం దగ్గరలో ఉన్న ఇళ్లకు నేను ఈ పద్ధతిని చెప్పను. కాని పాతబస్తీ ఆంగన్‌లో బల్బు కింద పెరిగే పిల్లకైనా అదే నేల, అదే రెట్ట, అదే పెద్ద కోళ్లు. అక్కడ పెట్టను తప్పించినంత మాత్రాన ముప్పు తప్పదు, వేడి మాత్రం తప్పుతుంది.

టీకా విషయంలో రాజీ లేదు. 5 నుండి 7వ దినంలో లసోటా కంటి చుక్క, 14వ దినం ప్రాంతంలో గంబోరో, 8 వారాలు దాటిన తరువాత కొక్కెర తెగులుకు ఆర్2బి. ఒక సీసాలో వంద, అంతకు మించిన మోతాదులు ఉంటాయి, ఇంట్లో ఉన్నవి పది పిల్లలు. కలిపిన మందు గంటా రెండు గంటలకు మించి నిలవదు. సందులో నాలుగైదు ఇళ్లు ఒకే వారంలో పిల్లలను తెచ్చుకుంటే తప్ప టీకా గిట్టుబాటు కాదు. విస్తరణ సిబ్బంది చేయగల నిజమైన సహాయం ఇక్కడ ఉన్నది: ఏ ఇంట ఏ పెట్ట ఎప్పుడు కూర్చున్నదో తెలుసుకొని, తేదీలను దగ్గరకు చేర్చడం.

మదర్ యూనిట్ అనే మాట

చార్మినార్‌కు సుమారు పది కిలోమీటర్ల దూరంలో, రాజేంద్రనగర్‌లో, 1988లో కోళ్ల పరిశోధన ప్రాజెక్టు డైరెక్టరేటు మొదలైంది. నేటి కోళ్ల పరిశోధన డైరెక్టరేటు అదే. వనరాజ, గ్రామప్రియ, శ్రీనిధి రకాలు అక్కడి నుండే పెరళ్లకు చేరాయి. నాటుకోడి కంటె అవి ఎక్కువ గుడ్లు పెడతాయి, త్వరగా ఎదుగుతాయి. ఎక్కువ గుడ్లు కోరిన ఎంపికలో పొదుగు లక్షణం తగ్గిపోవడం అనివార్యం. అందువలన పెరటి కోళ్ల పథకాలలో పిల్లలను నాలుగు వారాల వరకు ఒకచోట బ్రూడరులలో పెంచి, తరువాత కుటుంబాలకు పంచుతారు. ఆ చోటికి మదర్ యూనిట్ అని పేరు. తల్లి లేనందున కట్టిన కట్టడానికి తల్లి పేరు పెట్టుకున్నాము.

పథకానికి దోషం అంటగట్టడం నా ఉద్దేశం కాదు. నాలుగు వారాలు దాటిన పిల్ల బతికే అవకాశం ఎక్కువ. వేలసంఖ్యలో పంచాలంటే వేరే మార్గం లేదు. నా అభ్యంతరం ఒకటే: ఒక రోజు వయసు పిల్లలను సొంతంగా కొనుక్కునే చిన్న ఇంటికి కూడా మనం అదే నమూనాను కుదించి చెబుతున్నాము. ఇన్ని పిల్లలకు ఇన్ని వాట్లు, ఇంత ఎత్తున బల్బు అంటాము. ఇంట్లో పొదుగు పెట్ట ఉన్నదా అని అడగము. వనరాజ పిల్లలను నాటు పెట్ట కింద పెంచడంలో పై జాతి దిగుబడి, నాటు తల్లి సాకుడు రెండూ కలిసివస్తాయి. పెట్ట ఆ ఆరేడు వారాలు గుడ్లు పెట్టదు, అది ఖర్చే. దానిని ఇల్లాలికి ముందే చెప్పాలి. కొందరు ఆ గుడ్లే కావాలంటారు, వారిది కూడా న్యాయమైన లెక్కే.

మధ్యాహ్నపు పొరపాటు జరిగిన ఆ ఇంట్లోనే, మరుసటి చలికాలంలో, మరొక పెట్ట కూర్చున్నది. ఈసారి తేదీ గోడపై గీసి ఉన్నది. పందొమ్మిదవ రాత్రి, మనవడు ఆ ఉదయమే కొన్న తొమ్మిది రంగు పిల్లలను పెద్దావిడ స్వయంగా దాని కిందికి చేర్చింది. నేను టార్చి పట్టుకొని గోడవైపు తిరిగి నిలబడ్డాను. రెక్కల మొనలు చూసి అవి రెండు దినాలకు మించనివని ఆమే తేల్చింది. తెల్లవారి ఎనిమిది ఉన్నాయి. తొమ్మిదవది అంచున చలికి పోయింది. రెండవ వారంలో ఒకదానిని పందికొక్కు ఎత్తుకుపోయింది, మెట్ల కింది కంత ఎవరూ మూయలేదు. మిగిలిన ఏడూ నిలిచాయి. నెల తిరిగేసరికి గులాబి, ఆకుపచ్చ నూగు రాలి తెల్లని ఈకలు వచ్చాయి. నల్లని పెట్ట వెంట ఏడు తెల్ల పుంజుపిల్లలు పిట్టగోడ పొడవునా నడుస్తుంటే సందులోని పిల్లలు లెక్కపెట్టేవారు. ఏడవ వారంలో ఒక సాయంత్రం అవి అలవాటుగా మెట్ల కింది మూలకు చేరాయి. పెట్ట రాలేదు. ఎగిరి జామచెట్టు కొమ్మపై కూర్చుంది.